ప్రాంప్టింగ్ లేని షాట్

"యాక్షన్" అన్నాడు ప్రతాప్.

మసరత్ ఫోనును నోటికి దగ్గరగా పట్టుకుని నిలబడింది. జమ్మలమడుగులో అదొక పాత ఇల్లు. నేలకూ నాపరాయే, పైకప్పుకూ నాపరాయే. ఎండ పెరటి గోడ దిగి బండల మీదికి వస్తోంది. కెమెరా నడుస్తోంది. ఆమె చెప్పవలసింది, కువైట్‌లో ఉన్న భర్తకు ఫోనులోకి చెప్పి పంపే నాలుగు వాక్యాలు. నాలుగూ నోటికి వచ్చు. పొద్దున లేచి లాడ్జి గదిలో నడుస్తూ ఎన్నిసార్లు చెప్పుకుందో. ఇప్పుడు కళ్లలో నీళ్లు రావలసిన చోట వచ్చాయి, పెదవి వణకవలసిన చోట వణికింది. మాట మాత్రం రాలేదు.

"కట్. ఏమైందక్కా?"

"ఏం లేదు. ఇంకోసారి చేద్దాం."

ఇంకోసారి అన్నది ఆరుసార్లయింది. ఏడోసారి అలా నిలబడి ఉండగా, తాను దేనికోసం ఎదురుచూస్తోందో మసరత్‌కు తెలిసింది. కెమెరా పక్కనుంచి ఎవరో ఆ వాక్యాన్ని ముందు చదవాలి. చదివితే తన నోరు దానంతటది తెరుచుకుంటుంది. ఇక్కడ చదివేవాళ్లు లేరు. గోడ అవతల ఎవరిదో మేక అరిచింది. శబ్దం పట్టే ఇర్ఫాన్ హెడ్‌ఫోన్లు సర్దుకుని ఆ మేకను శ్రద్ధగా రికార్డు చేసుకున్నాడు.

సీరియల్ షూటింగుల్లో కాగితాలు షాట్‌కు కాస్త ముందు వస్తాయి. వాటిని కంఠతా పట్టే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని కెమెరా పక్కన ఒక మనిషి నిలబడి డైలాగు పైకి చదువుతాడు. నటి విని, మొహంలోకి భావం తెచ్చుకుని, అదే మాట తిరిగి అంటుంది. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. చదివినవాడి గొంతూ అన్నదాని గొంతూ రెండూ తర్వాత తీసేసి, డబ్బింగ్ థియేటర్లో ఇంకొకరి చేత చెప్పిస్తారు. సమీర అనే తెరపేరుతో మసరత్ పదకొండేళ్లు ఇలా పనిచేసింది. ఆమెకు మాట అందించిన సంజీవయ్య మంచివాడు, గొంతులో ఏ భావమూ లేనివాడు. కొడుకు చావునూ గృహప్రవేశం పిలుపునూ ఒకే తీరున చదివేవాడు. ఆ చప్పటి గొంతు చెవిన పడగానే ఆమె కళ్లు చెమర్చేవి. మొదట్లో అది సౌకర్యం. తర్వాత అలవాటు. ఆ తర్వాత ఏమైందో ఆమె గమనించలేదు.

గమనించవలసిన రోజు ఒకటి వచ్చింది నిజానికి. నయీం అని ఒక ఎడిటరు, మూడేళ్లు స్నేహంగా ఉన్నవాడు, ఒక సాయంత్రం టీకొట్టు ముందు కారులో కూర్చుని, "మనం పెళ్లి చేసుకుందామా? నీకేమనిపిస్తోంది?" అని అడిగాడు. తనకేమనిపిస్తోందో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ మాట లోపల సిద్ధంగానే ఉంది. అతని వైపు చూస్తూ ఊరుకుంది. అతను "సరేలే, బలవంతమేం లేదు" అని, టీ గ్లాసులు తిరిగి ఇవ్వడానికి దిగాడు. గ్లాసులు ఇచ్చి వచ్చేంత సేపు దొరికినా ఆమె చెప్పలేకపోయింది. ఇప్పుడతను దుబాయిలో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు.

ప్రతాప్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. సింహాద్రిపురం దగ్గర ఊరు. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, అమ్మిన గొర్రెల పేర్లు ఇప్పటికీ చెప్పగలడు. ఇది అతని మొదటి సినిమా. థియేటర్లకు కాదు, ఫోన్లలోనూ టీవీల్లోనూ చూసుకునేది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దాటి కెమెరా పోదు, డబ్బింగ్ ఉండదు, మాట్లాడిన చోట మాట్లాడినట్టే పట్టుకోవాలని అతని పట్టుదల.

"అక్కా, నేను గొర్లు కాసినోన్ని, నాకు ఓపికుండాది. కానీ ఈ ఇంటోళ్లకు లేదు. రేపు పదికల్లా ఇల్లు ఖాళీ చేసియ్యల్ల. వాళ్ల పాపకు పెండ్లిచూపులంట."

"రేపు పొద్దున చెప్తా ప్రతాప్."

"చెప్పకపోతే? మన అసిస్టెంటు ఇనాయతు పక్కన నిలబడి చదువుతాడు, నువ్వు నోరు కలుపు. తర్వాత హైదరాబాదులో ఎవురితోనన్నా చెప్పిద్దాం. నాకు ఇష్టం లేదు. నీకూ ఇష్టం లేదని తెల్సు."

ఇష్టం లేకపోవడం చిన్న మాట. ఈ నాలుగు వాక్యాల కోసం మసరత్ పందొమ్మిదేళ్లుగా కాచుకుని ఉంది.

ఆమెకు పందొమ్మిది ఉన్నప్పుడు ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడివాళ్లు రెండో కొట్టు తెరిచారు. ప్రకటనకు హైదరాబాదు నుంచి రావలసిన మోడల్ రాలేదు. అక్క కుట్టిన జాకెట్లు యజమాని ఇంటికి ఇచ్చి రావడానికి వెళ్లిన మసరత్‌ను కూర్చోబెట్టి నగలు తగిలించారు. ఫోటోలు తీసినతను, "నోరు తెరవద్దు పాపా, నవ్వితే చాలు" అన్నాడు. నెల తిరిగేసరికి ఊళ్లో నాలుగు కూడళ్లలో ఆమె నవ్వుతూ ఉంది. అక్కడినుంచి తిరుపతిలో చీరల పుస్తకాలు, హైదరాబాదులో ర్యాంపు నడకలు, ఆపైన సినిమా. మొదటి సినిమాలో కథానాయిక స్నేహితురాలు. మొదటి రోజే ఒక మాట చెప్పమన్నారు. ఆమె చెప్పింది. సెట్లో నవ్వారు. "కొడవలి నూరుతున్నట్టుంది తల్లీ నీ యాస" అన్నాడు ఒక అసిస్టెంటు, చెడ్డ ఉద్దేశమేమీ లేకుండా. ఆ రోజే నిర్ణయమైపోయింది: మొహం ఆమెది, గొంతు ఇంకెవరిదో.

తర్వాత ఎనిమిది సినిమాలు. ఒకదాంట్లో కథానాయిక కూడా. అది ప్రొద్దుటూరులో వారం ఆడింది. ఆపైన సీరియళ్లు. మొదటిదాంట్లో ఓపిక గల కోడలు, రెండోదాంట్లో ఓర్వలేని తోడికోడలు, ఇప్పుడు మూడోదాంట్లో కథానాయకుడి మేనత్త. అన్నిట్లోనూ ఆమెకు మాట్లాడింది వనజమ్మ అనే తెనాలి వైపు మనిషి. ఒక్కసారి కలిశారు, బహుమతుల సభలో. సమీర పాత్రకు గాత్రమిచ్చినందుకు ఆ ఏడాది బహుమతి వనజమ్మకు వచ్చింది. సమీరకు రాలేదు. "నువ్వు నోరు నిండుగా తెరుస్తావమ్మా, నాకు చాలా సులువు" అని వనజమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ గొంతు అంత దగ్గరనుంచి వింటుంటే మసరత్‌కు, తన ఇంట్లో అద్దెకున్నవాళ్లు తనను మర్యాదగా లోపలికి పిలిచినట్టనిపించింది.

ప్రతాప్ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది కూడా ఒక్క మాట విని. ఏదో ముఖాముఖి కార్యక్రమంలో వేడి లైటుకు చెయ్యి తగిలి ఆమె, "అబ్బా, శానా కాల్చె!" అంది. అంతే. "ఆ ఒక్క మాట ఇని వచ్చినా అక్కా. నాకు ఆ మాట అన్న్యామె కావల్ల" అన్నాడు హైదరాబాదులో ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి. ఆమె అతన్ని లోపలికి రమ్మనడం మరిచిపోయింది.

ఇప్పుడు పెరట్లో నిలబడి మసరత్ ఒక ఉపాయం ఆలోచించింది. పాత్ర ఎలాగూ తల మీద కొంగు కప్పుకుంటుంది. చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే బయటికి కనపడదు, మైకుకు వినపడదు. మాటలు ముందే ఎవరితోనైనా చెప్పించి ఫోన్లో పెట్టుకుంటే, వింటూ చెప్పవచ్చు.

"చెవిలో ఎవురు చెప్తారు?" అన్నాడు ప్రతాప్.

"మా అక్క."

*

మైమూన్ మసరత్ కంటే తొమ్మిదేళ్లు పెద్ద. దూదేకులవాళ్ల ఇల్లు; ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నాయన పరుపులు కుట్టేవాడు. ఆయన పోయాక మైమూన్ జాకెట్లు కుట్టి చెల్లెల్ని చదివించింది. పెళ్లయింది, భర్త అబ్దుల్ వాహిద్ కువైట్‌లో కారు నడుపుతాడు, పద్నాలుగేళ్లుగా నడుపుతూనే ఉన్నాడు. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి నెల ఉండి పోతాడు. పిల్లలు లేరు.

మూడు గంటలకు కారు ప్రొద్దుటూరు చేరింది. మైమూన్ వీధి వెలుతురు పడేలా మిషను గుమ్మానికి ఎదురుగా వేసుకుని కుడుతోంది. టీవీ ఆమె వీపు వెనక మోగుతోంది.

"వచ్చినావా? చెప్పులు ఆడనే ఇడ్సు. గుడ్డలుండాయి. ఖాజీపేట పెండ్లోళ్లవి, ఇరవై జాకెట్లు. తొక్కినావంటే మన ఖమర్‌బీ అత్త వచ్చినా నిన్ను కాపాడలేదు."

"ఖమర్‌బీ అత్త చచ్చిపోయింది కదక్కా."

"అందుకే అంటాండా."

మసరత్ గుడ్డల పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. మైమూన్ తల ఎత్తలేదు.

"నాలుగు మాటలు చెప్పలేకపోతివా? ఇన్నేండ్లు ఏం జేస్తాంటివి మే ఆడ?"

"ఎవరో చెప్తే చెప్పేదాన్ని."

"చెప్పేది కూడా నువ్వు గాదు గదా. నేను రోజూ పెట్టుకుంటా నీ సీరియలు. సూడను, ఇంటా. సూది మీదనుంచి కన్ను తీస్తే వేలు పోతుంది. పదకొండేండ్లు ఆ యమ్మ గొంతు ఇని ఇని, నువ్వు ఫోన్ చేస్తే ఎవురబ్బా ఇది అనుకుంటా."

ఇది మైమూన్ ఎప్పుడూ అనే మాటే. కానీ మసరత్‌కు ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. హైదరాబాదులో ఎంతమంది గుర్తుపట్టి పలకరించినా, తాను అక్క ఒక్కదానికోసం నటిస్తున్నానని, ఆ ఒక్కతె వీపు తిప్పుకుని కూర్చుందని ఆమెకు తెలుసు. అక్క ఒక్కసారి తల ఎత్తాలి. అది మొహం చూపిస్తే జరగదు. వినపడితేనే జరుగుతుంది.

ఆమె కాగితం తీసి ఇచ్చింది. మైమూన్ మిషను మీదనుంచి కాలు తీసి, గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకునే చదివింది. చదివి, వాటిని తీసి సూదుల దిండుకు గుచ్చింది.

"ఎవురే రాసింది ఇది?"

"డైరెక్టరే. నువ్వు చెప్పే తీరు కావల్ల. నువ్వు ఈ ఫోన్లో చెప్పు, నేను చెవిలో పెట్టుకుని చెప్తా."

"'నువ్వు లేని ఈ ఇంట్లో గోడలు కూడా మాట్లాడ్డం మానేసినాయి.' గోడలు యాడ మాట్లాడ్తాయి మే? ఆయప్పకు పెండ్లయ్యిందా?"

"లేదు."

"అదీ సంగతి. కువైట్‌లో ఉండే మొగునితో ఎవురన్నా ఇట్ల మాట్లాడ్తారా? వాడు డ్యూటీలో ఉంటాడు. పక్కన నలుగురుంటారు. ఇట్ల చెప్తే వానికి సిగ్గుతో పానం పోతాది."

"మరెట్ల చెప్తారు?"

"తే ఇట్ల" అని మైమూన్ ఫోను లాక్కుంది. వెనక్కి వంగి టీవీ నోరు మూయించింది. మీట నొక్కి, వీధిలోకి చూస్తూ, ఏ తయారీ లేకుండా మొదలుపెట్టింది.

"ఏం మామా, తిన్యావా? ఈడ పొద్దున్నుంచి కరెంటు లేదు. మిషను మూసి ఊరికే కూచ్చున్నా. ఊరికే కూచ్చుంటే నువ్వు మతికొస్తావు. అందుకే చేసినా, లేకుంటే ఏం లేదు. నీ చెప్పులు గూట్లోనే ఉండాయి. ఒకదాన్ని ఎలకలు కొరికినాయి. పారేయల్లనో, పెట్టల్లనో చెప్పు. నువ్వు చెప్తే పారేస్తా."

వేలు తీసింది. వీధిలో ఎవరో బండి నిలిపి ఎవరినో పిలిచారు.

మసరత్ అడిగింది. "అక్కా, బావకు చెప్పిందేనా ఇది?"

"గమ్మునుండు. కథకు చెప్పినా. టీ పెట్టేదా?"

మైమూన్ లోపలికి వెళ్లింది. మాటలు మారిపోయాయి కాబట్టి దర్శకుడు ఒప్పుకోవాలి కదా అనుకుని, మసరత్ ఆ రికార్డింగును ప్రతాప్‌కు పంపింది. అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించలేదు. పదకొండేళ్లుగా మాట మారితే డైరెక్టరును అడగడం అలవాటు, అడిగింది.

టీ సగం తాగేలోపు ఫోను మోగింది. వీధి గోలలో వినపడక మసరత్ మిద్దె మీదికి వెళ్లింది.

"అక్కా, ఎవురామె? మీ అక్కనా? నాలుగుసార్లు విన్యా. ఇర్ఫాన్‌కి ఇనిపిస్తే వాడు హెడ్‌ఫోన్లు తీయకుండా అట్లే కూచ్చున్న్యాడు. నేను రాసింది చింపేసినా."

"అంటే రేపు ఈ మాటలే చెప్పేదా?"

అటువైపు ప్రతాప్ ఇర్ఫాన్‌ను బయటికి పొమ్మనడం వినపడింది. దాంతోనే ఆమెకు అంతా తెలిసిపోయింది.

"ఏమనుకోవాకక్కా. నేను మొగమాటం లేకుండా చెప్తా. నువ్వు చెవిలో పెట్టుకుని చెప్పినా ఇది రాదు. నీ మొగం నాకు కావల్ల, అది ఎవురికీ లేదు. గొంతు ఆమెది పెడదాం. ఈ షాట్ ఒక్కటే గాదు, సినిమా అంతా. డబ్బింగ్ వద్దనుకున్న్యా, కానీ ఇది డబ్బింగ్ మాదిరి ఉండదు. అక్కాచెల్లెండ్లు గదా. ఒకసారి ఆమెను అడుగు."

"సరే" అంది మసరత్.

ఫోను పెట్టేశాక ఆమెకు మొదట కలిగింది బాధ కాదు. తేలిక. రేపు పొద్దున చెవులు రిక్కించి నిలబడితే చాలు, నోరు దానిపని అది చేసుకుంటుంది. ఒళ్లంతా ఆ తేలికదనం పాకడం ఆమె గమనించింది, గమనించి సిగ్గుపడింది. పందొమ్మిదేళ్లు కోరుకున్నది చేజారుతుంటే ఒళ్లు సంతోషిస్తోంది. ఇలాంటి ఒంటిలో తాను ఎక్కడుందో, ఎంత మిగిలిందో. ఎదురు మిద్దె మీద ఒకామె ఆరిన బట్టలు తీస్తూ ఈమెను చూసి, గుర్తుపట్టి, చెయ్యి ఊపింది. మసరత్ నవ్వింది. నోరు తెరవకుండా, నగల ప్రకటనలో నవ్వినట్టే నవ్వింది. ఆ నవ్వు ఎలా వచ్చిందో తెలుసుకుని దిగాలుగా మెట్లు దిగింది.

మైమూన్ మళ్లీ మిషను ముందు కూర్చుంది. పెదవుల మధ్య సూదులు.

"ఏమన్న్యాడు? నవ్వినాడా?" అంది వాటి సందునుంచి.

బాగుందన్నాడు అని చెప్పి ఊరుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. కానీ అక్క ముందు కూర్చున్నాక ఆ అబద్ధానికి కూడా ఎవరో మాట అందించాలనిపించింది. ఎవరూ అందించలేదు. నిజమే బయటికి వచ్చింది.

"నీ గొంతు పెడదామంటాండాడు. సినిమా అంతా."

మైమూన్ కాలు ఆగింది. సూదులు ఒక్కొక్కటే పెదవుల మధ్యనుంచి తీసి దిండుకు గుచ్చింది. ఐదు సూదులు.

"నా గొంతా?"

"నీదే."

"ఎగతాళికి అన్న్యాడేమో."

"లేదు. నాలుగుసార్లు విన్యాడంట."

"నాలుగుసార్లు!" మైమూన్ నవ్వబోయి ఆపుకుంది. నలభై ఏడేళ్ల మొహం. వెంట్రుకల్లో దారప్పోగులు. ఆ మొహంలో మసరత్ ఎప్పుడూ చూడనిది ఒకటి మెల్లగా పైకి వచ్చింది. ఫోటోగ్రాఫరు లైటు వేసినప్పుడు అద్దంలో తన మొహం ఇలాగే ఉండిందని ఆమెకు గుర్తొచ్చింది.

"ఇది కువైట్‌లో కూడా వస్తాదా మే?"

"ఫోన్లో యాడైనా వస్తాది."

"పేరేస్తారా?"

"వేస్తారు."

"మైమూన్ అని?"

"మైమూన్ అని."

మైమూన్ కుడుతున్న జాకెట్టును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఆ పద్నాలుగేళ్లలో అక్క ఎన్ని మాటలు ఆ ఫోనులోకి చెప్పి ఉంటుందో, అటువైపు నుంచి ఎన్నిటికి జవాబు వచ్చి ఉంటుందో మసరత్ ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడగక్కరలేదు. తనకొక్కదానికే ఉందనుకున్న దాహం ఈ ఇంట్లో, ఈ మిషను ముందు, తనకంటే ముందునుంచి ఉంది.

"నాకేం ఎరుక మే ఇవన్నీ" అంది మైమూన్. "నువ్వేమంటావు? నువ్వు ఊ అంటే చెప్తా. నువ్వు వద్దంటే వద్దు."

ఊ అనాలి. ఏ సీరియల్లోనైనా చెల్లెలు ఇక్కడ ఊ అంటుంది, కళ్లు తుడుచుకుంటుంది, అక్కను వాటేసుకుంటుంది. సంజీవయ్య ఆ మాటను ఎలా చదువుతాడో కూడా ఆమెకు వినపడుతోంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. దాన్ని తోసుకుని ఇంకొకటి, ఎక్కడో అడుగునుంచి, ఎవరూ ఇవ్వకుండానే వచ్చేసింది.

"వద్దక్కా."

మైమూన్ చూసింది.

"అది నేనే చెప్పుకోవల్ల. నీ అంత బాగ రాదు. బాగ రాకపోయినా నేనే చెప్పుకోవల్ల. నువ్వు చెప్తే ఇంగ నేను యాడా ఉండను."

అన్నాక తన మాట తనకే వినపడింది. యాస, గరుకు, అన్నీ ఉన్నాయి అందులో. దయ మాత్రం లేదు.

"సరే" అంది మైమూన్. దిండు దగ్గరికి లాక్కుంది. ఐదు సూదులూ ఒక్కొక్కటే తీసి మళ్లీ పెదవుల మధ్య పెట్టుకుంది. ఇక ఆ నోటితో ఏమీ మాట్లాడడానికి వీల్లేదు. మిషను తిరిగింది.

మసరత్ చీకటి పడేదాకా కూర్చుంది. అన్నం పెట్టినప్పుడు కూడా మైమూన్, "ఇంకొంచెం వేసుకో" అనే రెండు మాటలు తప్ప అనలేదు. కోపంగా లేదు. పరాయివాళ్లకు అన్నం పెట్టినట్టు పెట్టింది. కారు ఎక్కుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

*

"అడిగినావా అక్కా?" అన్నాడు ప్రతాప్ పొద్దున.

"అడిగినా."

"ఆమె వద్దన్న్యాదా?"

"ఆమె అనలే. నేను వద్దన్యా."

ప్రతాప్ చేతి గడియారం చూసుకున్నాడు. తిట్టాలనుకుని తిట్టలేదు. "గంటన్నర ఉండాది" అని మాత్రం చెప్పి కెమెరా దగ్గరికి వెళ్లాడు. ఇయర్‌ఫోన్ కారులోనే ఉండిపోయింది. కాదన్న గొంతును మళ్లీ చెవిలో పెట్టుకోవడం ఆమెకు దొంగతనంలా తోచింది.

మొదటి టేకులో మౌనం. రెండోదాంట్లో "ఏం మామా" దాకా వచ్చి ఆగిపోయింది. అది మైమూన్ మాట. మైమూన్ చెప్పులు, మైమూన్ ఎలకలు. ఈ పెరట్లో నిలబడి వాటిని తాను అడుక్కుంటోంది, అంతే.

మూడోసారి "యాక్షన్" విని ఆమె మాటకోసం వెతకడం మానేసింది. నిన్న సాయంత్రం "వద్దక్కా" అన్నది ఎవరు అందించారు? ఎవరూ కాదు. ఏదో కావాలనిపించింది, నోరు తెరుచుకుంది. ఇప్పుడేం కావాలి? ఫోను చేతిలో బరువుగా ఉంది. ప్రొద్దుటూరులో ఈ వేళకు మిషను మొదలై ఉంటుంది. పెదవుల మధ్య సూదులు ఉండి ఉంటాయి. అవి తీయించాలి. అంతకంటే ఈ లోకంలో ఆమెకు ఆ క్షణాన ఏమీ అక్కరలేదు.

"కోపమొచ్చిందా?" అంది ఫోనులోకి. ఆగింది. "నేను కావల్లనే అన్యా. తప్పే అది. మళ్లీ అడిగినా అదే చెప్తా. నేనింతే. కానీ నువ్వు ఇట్ల గమ్మునుంటే నాకు అన్నం గొంతు దిగదు. మంచిగ మాట్లాడాకు. నాకు మంచితనం వద్దు. తిట్టు. పనయినాక చేసి తిట్టు."

ఫోను దించింది. ఎవరూ కట్ చెప్పలేదు. చెప్పేదాకా అలాగే నిలబడింది.

"కట్" అన్నాడు ప్రతాప్ చివరికి, చిన్నగా. వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఇది నేను రాయలే. మీ అక్క చెప్పలే. యాడిదక్కా ఇది?"

"తెలీదు."

"మొగునితో చెప్పినట్లే ఉండాది. కథకు సరిపోతాది. ముందు సీన్ రొంత మార్చుకుంటా." ఇర్ఫాన్ వైపు తిరిగాడు. "సౌండ్?"

"ఓకే అన్నా. సగంలో ఒక మోటర్‌సైకిల్ పోయింది, పర్లేదు."

ప్రతాప్ చెవి గోక్కున్నాడు. "నిజం చెప్పల్లంటే ఆమె గొంతులో ఉండేది ఇందులో లేదక్కా."

"తెల్సు."

"అయినా ఇదే ఉంచుతా. సినిమా అంతా నువ్వే మాట్లాడు. తప్పులు పోతే పోతాయి."

ఇర్ఫాన్ హెడ్‌ఫోన్లు ఇస్తే ఆమె పెట్టుకుని విన్నది. వనజమ్మ కాదు. మైమూన్ కాదు. ఇన్నేళ్లూ తాను పోగొట్టుకున్నానని తపించిన ఆ పిల్ల గొంతు కూడా కాదు; ఆ పిల్ల బంగారు అంగడి దగ్గరే ఎక్కడో ఉండిపోయింది, ఇక రాదు. ఇది మధ్యవయసు ఆడమనిషి గొంతు, కొంచెం బొంగురు. కొన్ని మాటలు సీమవి, కొన్ని హైదరాబాదువి, మధ్యలో ఎక్కడా అతుకు సరిగా పడలేదు. దీనికోసమా ఇన్నాళ్లు ఎదురుచూసింది అనుకుంది. ఇంకోసారి పెట్టమంది. ఇర్ఫాన్ పెట్టాడు.

ఇంటివాళ్లు రావడం మొదలైంది. పెళ్లికూతురు కాబోయే పిల్ల గుమ్మంలో ఆగి, "మీరు సీరియల్లో మేనత్త కదా?" అంది. అని, "గొంతు వేరే మాదిరుందే!" అంది. మసరత్ ఆ పిల్ల జడలో పూలు సర్దింది.

సామాను ఎక్కించుకుని వ్యాను కదిలింది. మధ్యాహ్నం పులివెందులలో తర్వాతి సీను. మసరత్ అరుగు మీద కూర్చుని అక్కకు ఫోను చేసింది. చాలాసేపు మోగింది.

"చెప్పు" అంది మైమూన్.

"అయ్యింది."

"చెప్పినావా?"

"చెప్పినా."

"నేను చెప్పినట్లేనా?"

"కాదు. వేరే."

"పెట్టుకుంటారంటనా?"

"పెట్టుకుంటారంట. సినిమా అంతా."

ఆ వైపు ఎవరో ఆడమనిషి, చేతులు బిగుతైనాయి, విప్పియ్యి అని అడుగుతోంది. మైమూన్ ఆమెతో, ఆడ పెట్టు, సాయంత్రం రా అంది. మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"నేను చెప్పింటే ఇంగా బాగుండేది మే."

"అవునక్కా" అంది మసరత్. "బాగుండేది."

"తెల్సు గదా నీకు?"

"తెల్సు."

"ఆ మాట నిన్ననే అనింటే నేను ఇంత ఇదయ్యేదాన్ని గాదు" అంది మైమూన్. మళ్లీ తనే, "ఎట్లొచ్చిందో రొంత ఇనిపియ్యి మరి. ఇప్పుడే. చేతులు ఖాళీ జేసుకుని కూచ్చున్నా" అంది.

ఫోన్లో రికార్డింగు లేదు. అది ఇర్ఫాన్ పెట్టెలో ఉంది, పెట్టె వ్యానులో ఉంది, వ్యాను పులివెందుల దారి పట్టింది.

"ఉండు" అంది మసరత్. గొంతు సవరించుకుని, ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని, ఆ మాటలన్నీ మొదటినుంచి అక్కకు చెప్పడం మొదలుపెట్టింది.